మేర మీరని మనుగడ

ధర్మం ఎవరో కొత్తగా కనిపెట్టి లోకానికి ఇచ్చినది కాదు. అది మనిషి హృదయంలో మొదటినుంచీ నిలిచి ఉన్నదే. లోభమోహాలు కమ్మినప్పుడు మరుగున పడుతుంది, పెద్దల మాట చెవిని పడినప్పుడు మళ్లీ వెలికి వస్తుంది. భూతదయ అటువంటి ధర్మాలలో అగ్రగణ్యం. తాను భుజించే ముందు నోరులేని ప్రాణులకు ఒక ముద్ద తీసిపెట్టడం గృహస్థు నిత్యం చేయవలసిన పంచమహాయజ్ఞాలలో ఒకటని, దానికి భూతయజ్ఞమని పేరని పూర్వులు విధించారు. వాకిట బియ్యప్పిండితో ముగ్గు పెట్టిన ఇల్లాలు చీమల ఆకలిని మరువలేదు; పంట చేతికి రాగానే తొలి వరికంకులను కుచ్చుగా అల్లి చూరుకు వేలాడగట్టిన రైతు పిచ్చుకల ఆకలిని మరువలేదు. వారు శాస్త్రాలు చదివి ఆ పని చేయలేదు. తమ కడుపు నిండినంత మాత్రాన లోకం కడుపు నిండినట్టు కాదన్న ఎరుక ఒక్కటే వారిచేత ఆ పని చేయించింది.

రాజ్యాలు ఏలినవారు సైతం ఈ ఎరుకకు తల వంచారు. కర్నూలు జిల్లా ఎర్రగుడి కొండబండల మీద అశోకుని శాసనాలు నేటికీ నిలిచి ఉన్నాయి. ప్రాణివధ తగదని, మనుషులకూ పశువులకూ కూడా చికిత్స ఏర్పరచామని, ఇరువురి కోసమూ బాటల వెంట బావులు తవ్వించి చెట్లు నాటించామని ఆ రాళ్లు పలుకుతున్నాయి. పట్టాభిషేకమైన 26 సంవత్సరాలకు ఆ చక్రవర్తి స్తంభాల మీద చెక్కించిన మరొక శాసనంలో చంపరాని ప్రాణుల పేర్లు వరుసగా కనిపిస్తాయి. చిలుకలు, గోరువంకలు, హంసలు ఉన్నాయి. వాటి సరసనే, ఎవరూ ముద్దు చేయని గబ్బిలాలు ఉన్నాయి, ఎవరికీ అడ్డురాని తాబేళ్లు ఉన్నాయి. నిష్కారణంగా గాని, ప్రాణులను చంపే తలంపుతో గాని అడవులను తగులబెట్టరాదన్న ఆజ్ఞ కూడా ఆ శాసనంలోనే ఉంది. రెండువేల ఏళ్లకు పైబడిన మాట ఇది. విన్నవారు మరిచారు, అంతే.

ఆ మరుపు ఎంత దూరం వచ్చిందో చూడండి. కోట్ల సంవత్సరాల కిందట మొలిచి, పెరిగి, నేల పొరలలో పూడి బొగ్గుగా మారిన అడవులను మానవజాతి ఇప్పుడు తవ్వి తీసి తగులబెడుతున్నది. బొగ్గుతో పాటు భూగర్భంలోని చమురును, సహజవాయువును మండిస్తున్నది. యంత్రయుగానికి ముందు గాలిలో పది లక్షల పాళ్లకు సుమారు 280 పాళ్లుగా ఉండిన బొగ్గుపులుసు వాయువు నేడు 420 పాళ్లు దాటింది. సూర్యుని వేడిని భూమి తిరిగి ఆకాశానికి విడవబోగా ఆ వాయువు దుప్పటివలె పట్టి నిలుపుతున్నది. యంత్రయుగానికి మునుపటి సగటుతో పోలిస్తే 2024వ సంవత్సరం ఒకటిన్నర డిగ్రీలకు మించిన వేడితో గడిచింది. ఒకటిన్నర డిగ్రీలు ఎంతటి మాట అని ఆరోగ్యవంతుడు అనుకోవచ్చు. జ్వరపీడితుని శరీరంలో అంతమాత్రపు భేదమే ప్రాణాపాయం కాగలదని వైద్యుడు ఎరుగును.

సృష్టిలో ప్రతి ప్రాణికీ ప్రకృతి మూడు అనుగ్రహించింది. నిలిచి బ్రతకడానికి ఒక నెలవు. పుట్టడానికి, పెరగడానికి, వలస పోవడానికి ఒక వేళ. శీతోష్ణాలను, ఆకలిదప్పులను ఇంతవరకు ఓర్చుకోగలనని దేహం తనకు తాను గీసుకున్న ఒక మేర. ఈ మూడూ ఒకదానితో ఒకటి ఒదిగి ఉన్నంతకాలం జీవకోటి సుఖంగా సాగుతుంది. ఋతువు గతి తప్పకుండా నడవడాన్నే వేదఋషులు లోకానికి ఆధారమని కొనియాడారు. నేడు వేడెక్కిన గాలి ఈ మూడింటినీ ఒక్కసారిగా చెరుపుతున్నది.

నెలవు పోయిన ప్రాణుల గతి మొదట విచారించండి. ఆస్ట్రేలియాకు, పపువా న్యూగినియాకు నడుమనున్న టోరెస్ జలసంధిలో బ్రాంబుల్ కే అనే చిన్న ఇసుకదీవి ఉంది. మెలోమిస్ జాతికి చెందిన ఒక ఎలుక ఆ దీవిలో తప్ప ప్రపంచంలో మరెక్కడా ఉండేది కాదు. దీవి సముద్రమట్టానికి కొద్ది అడుగుల ఎత్తు మాత్రమే. కడలి పొంగి ఉప్పునీరు మాటిమాటికీ మీదికి రాగా దానికి ఆహారమూ నీడా అయిన పచ్చిక నశించింది. 2009లో చివరిసారి కంటబడిన ఆ జీవి కోసం 2014లో దీవి అంతా వెదికినా జాడ దొరకలేదు. 2019లో ఆస్ట్రేలియా ప్రభుత్వం ఆ జాతి అంతరించినదని ప్రకటించింది. మానవుడు తెచ్చిన వాతావరణ మార్పు చేత పూర్తిగా లోకం విడిచిన మొదటి క్షీరదంగా దానిని చెబుతున్నారు. దానిని అంతం చేసినది వేటగాడు కాదు, పగబట్టిన రాజూ కాదు; ఆ దీవి పేరైనా వినని కోట్లమంది పొగ దాని ఇంటిని ముంచింది.

దక్షిణ ధ్రువప్రాంతాన ఎంపరర్ పెంగ్విన్‌కు గడ్డకట్టిన సముద్రమే నేల. ఘోరమైన శీతకాలపు చీకటిలో తండ్రిపక్షి గుడ్డును తన పాదాల మీద నిలుపుకొని, పొట్టమడతతో కప్పి, ఆహారం లేకుండా రెండునెలలకు పైగా నిలబడి పొదుగుతుంది. తల్లి సముద్రం నుంచి తిరిగి వచ్చేదాకా ఆ నిష్ఠకు భంగం లేదు. ఇంతటి తపస్సుతో కన్న కూనకు నీటిని తట్టుకునే ఈకలు రావడానికి కొన్ని నెలలు పడుతుంది; అందాకా కాళ్లకింద మంచు నిలవాలి. 2022లో బెల్లింగ్స్‌హౌసెన్ సముద్రప్రాంతంలో మంచు ముందుగానే విరిగిపోయింది. అక్కడున్న ఐదు పెంగ్విన్ స్థావరాలలో నాలుగింట ఆ ఏటి కూనలు ఒక్కటీ దక్కలేదని తలుస్తున్నారు. తల్లిదండ్రుల వ్రతంలో లోపం లేదు, వ్రతభూమి కరిగిపోయింది.

వేళ తప్పిన ప్రాణుల దుఃఖం ఇంకొక తీరు. పశ్చిమ ఆఫ్రికాలో శీతకాలం గడిపి ఐరోపాకు ఎగిరిపోయే పైడ్ ఫ్లైక్యాచర్ అనే చిన్న పిట్ట పగటి నిడివిని చూసి ప్రయాణకాలం నిర్ణయించుకుంటుంది. సూర్యుని గమనం మారలేదు గనుక దాని రాకడ పెద్దగా మారలేదు. కానీ ఐరోపాలో వసంతం ముందుకు జరిగింది. ఓక్ చెట్ల ఆకులు త్వరగా చిగురిస్తున్నాయి, వాటిని తినే గొంగళిపురుగులు త్వరగా పుట్టి త్వరగా మాయమవుతున్నాయి. పిల్లలు నోళ్లు తెరిచే నాటికి గూటి చుట్టూ మేత ఉండదు. నెదర్లాండ్స్‌లో పురుగుల కాలం బాగా ముందుకు జరిగిన అడవులలో ఈ పిట్టలు రెండు దశాబ్దాల లోపే దాదాపు 90 శాతం తగ్గిపోయాయి. ఉత్తర అమెరికాలోని స్నోషూ కుందేలు సైతం పగటి నిడివి తగ్గగానే గోధుమరంగు విడిచి తెల్లని బొచ్చు తొడుగుతుంది. వెనుకటి రోజులలో ఆ వేళకు నేలమీద మంచు పరుచుకునేది. ఇప్పుడు మంచు ఆలస్యంగా పడి, త్వరగా కరిగిపోతున్నది. మట్టినేల మీద తెల్లగా మెరిసే ఆ దేహం శత్రువు కంటికి దూరం నుంచే ఆనవాలవుతున్నది. తన పూర్వీకులు నడిచిన దారి తప్పకుండా నడవడమే ఆ కుందేలుకు ముప్పయింది.

మేర దాటిన వేడిలో నశించే ప్రాణులు ఇంకా అనేకం. శ్రీకాకుళం జిల్లాలో శ్రీకూర్మ క్షేత్రం ఉంది. మందరగిరిని మూపున మోసిన కూర్మనాథునికి అక్కడ జనం నిత్యం మొక్కుతారు. ఆ జిల్లా తీరానికే ఏటా చలికాలం చివరి రాత్రులలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. తల్లితాబేలు నీరు విడిచి, బరువైన దేహాన్ని ఈడ్చుకుంటూ పొడి ఇసుక దాకా వస్తుంది. వెనుక తెడ్లతో కడవవంటి గుంట తీసి, సుమారు వంద గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, తన దేహాన్నే అటూ ఇటూ ఊపి అదిమి గట్టి చేసి, వెనుదిరిగి చూడకుండా కడలికి పోతుంది. తరువాతి నెలన్నర, రెండునెలల కాలం ఆ బిడ్డలకు తల్లి ఇసుకే. పుట్టబోయేది ఆడదో మగదో నిర్ణయించేది కూడా ఆ ఇసుక వేడిమే. సుమారు 29, 30 డిగ్రీల నడుమ ఇరుతెగలూ పుడతాయి. అంతకు మించితే ఆడపిల్లలే అధికమవుతాయి. ఇంకా మించితే గుడ్డులోనే జీవం ఉడికిపోతుంది. ఆస్ట్రేలియాలో గ్రేట్ బారియర్ రీఫ్ ఉత్తరభాగపు తీరాలలో పుట్టిన పచ్చతాబేళ్లను పరీక్షించగా పిన్నవయసు వాటిలో 99 శాతం ఆడవేనని 2018లో వెల్లడైంది. జోడు దొరకని తరం ఎంత పెద్దదైనా, దాని వెనుక మరొక తరం నిలవదు. కొండను మోసిన మూపుకు పూజలు చేస్తూ, ఆ జాతి గుడ్డు మీద కప్పిన పిడికెడు ఇసుకను కాల్చడం భక్తి అనిపించుకోదు.

అశోకుడు కాపాడదలచిన గబ్బిలాలదీ ఇదే దశ. 2018 నవంబరులో ఆస్ట్రేలియాలోని కెయిర్న్స్ ప్రాంతంలో వేడి 42 డిగ్రీలు దాటింది. రెండు రోజులలోనే స్పెక్టకిల్డ్ ఫ్లయింగ్ ఫాక్స్ అనే పండ్లు తినే గబ్బిలాలు చెట్ల కొమ్మలనుంచి రాలిపడి సుమారు 23,000 చనిపోయాయి. ఆ దేశంలో ఉన్న ఆ జాతిలో ఇంచుమించు మూడోవంతు అది. రాత్రివేళ పూలనుంచి పూలకు పుప్పొడి మోసి, తిన్న పండ్ల గింజలను దూరదూరాల వెదజల్లి అడవిని పెంచే సేవకులు అవి. పూచే చెట్టుకూ కాచే చెట్టుకూ అవి చేసే ఉపకారం మనిషి లెక్కలలో ఎక్కడా చేరలేదు.

సముద్రగర్భంలో పగడపు జీవి దేహంలో సూక్ష్మమైన ఒక నాచు నివసిస్తుంది. నాచు ఎండనుంచి ఆహారం వండి పెడుతుంది. పగడం దానికి ఆశ్రయం ఇస్తుంది. నీరు వేసవిలో ఉండవలసిన వేడికంటే ఒక్క డిగ్రీ అధికమై కొన్ని వారాలు అలాగే ఉంటే ఈ స్నేహం తెగుతుంది. పగడం తన నాచును వెళ్లగొట్టి, రంగు కోల్పోయి, ఎముకవలె తెల్లబడి, ఆకలితో క్షీణిస్తుంది. 1998, 2010 సంవత్సరాలలోనూ, 2014 నుంచి 2017 వరకూ, మళ్లీ 2023 మొదలుకొనీ ప్రపంచమంతటా పగడపు దిబ్బలు ఇట్లా పాలిపోయాయి. మన లక్షద్వీపాలు, మన్నార్ సింధుశాఖ కూడా ఈ తాపానికి లోనయ్యాయి. కడలి అడుగున నూటికి ఒక పాలైనా లేని ఆ దిబ్బలను ఆశ్రయించి సముద్రజీవ జాతులలో దాదాపు నాలుగోవంతు బ్రతుకుతున్నాయి. అన్నదాత ఇల్లు కూలితే ఆ పంక్తిలో కూర్చున్నవారంతా పస్తులుండవలసినదే.

ఇన్ని ప్రాణుల దుఃఖం వెనుకనున్న కారణం ఒక్కటే. ప్రకృతి సకల ప్రాణులకూ మేరను వాటి దేహంలోనే పెట్టింది. పులి కడుపు నిండిన తరువాత సాధారణంగా రెండో లేడిని తరమదు. తేనెటీగ తన పట్టులో పట్టినంతకు మించి కూర్చదు. మనిషికి మాత్రం అటువంటి కట్టడి దేహంలో లేదు. అతని ఆకలి కడుపుతో తీరదు, అతని చలి వస్త్రంతో తీరదు, అతని కోరిక తీరినకొద్దీ పెరుగుతుంది. అందుచేతనే అతనికి మేరను ధర్మంలో ఉంచారు. ఇంద్రియనిగ్రహమని, అపరిగ్రహమని, మితభోగమని పెద్దలు పలుమార్లు చెప్పినది సన్యాసులకు మాత్రమే చెప్పినది కాదు. సంసారంలో ఉన్నవానికి, సంపదలో ఉన్నవానికి మరీ ముఖ్యంగా చెప్పినది. మనిషి తన మేరలో నిలిచి ఉన్నంతకాలం తక్కిన జీవుల మేరలు పదిలంగా ఉన్నాయి. అతడు మీరిననాడు తాబేలు గుడ్డు మీది ఇసుక మేర మీరింది, పగడం చుట్టూ ఉన్న నీరు మేర మీరింది, పెంగ్విన్ పాదాల కింది మంచు నిలవవలసిన గడువు తప్పింది.

లోకంలో అన్నీ అనిత్యాలే గదా, ఎన్నో జీవజాతులు పుట్టి గిట్టలేదా, ఇవీ గతించిపోతే వగపు దేనికి అని కొందరు వేదాంతం పలుకుతారు. పుట్టినది గిట్టక తప్పదన్న మాట సత్యం. ఆ సత్యాన్ని చెప్పిన పెద్దలే ప్రాణం తీసే హక్కు మనకు లేదని కూడా చెప్పారు. వృద్ధుడైన తండ్రి ఏనాటికైనా పోవలసినవాడే అని అతని ముందరి అన్నం పళ్లెం లాగివేసినవాడిని వేదాంతి అని ఎవరూ అనరు. కాలం చేసే పని కాలానిది. దానిని తొందరపెట్టడం మాత్రం మనిషి చేసే పాపం. నిజానికి అనిత్యతను ఎరిగినవాడే భోగం తగ్గించుకుంటాడు. నాలుగునాళ్ల సుఖం కోసం యుగాల పర్యంతం తిరిగిరాని జాతిని పోగొట్టడం అనిత్యమైనదాని కోసం అమూల్యమైనదానిని ఒడ్డడమే. తన సంపద తనతో రాదని తెలిసినవాడు పోబోయే లోపల లోకాన్ని వట్టిది చేయడానికి తొందరపడడు.

నేను చేసే హాని ఎంత, నా ఒక్కడి పొగ ఎంత అని మరికొందరు తప్పించుకుంటారు. పూర్వం హింసకు ఒక విల్లు, ఒక బాణం, ఒక బోయ ఉండేవారు. క్రౌంచపక్షిని కూల్చిన నిషాదుడు వాల్మీకి కళ్లెదుట నిలిచాడు. ముని శోకం ఫలానివాడి మీద పడింది, ఆ శోకమే ఆదికావ్యానికి ఊపిరైంది. నేటి హింసకు విల్లు లేదు, బాణం లేదు, బోయ ఎవరో తెలియదు. ద్వేషం లేకుండా, తలంపు లేకుండా, కేవలం అలవాటు చేత జరిగే హింస ఇది. చంపినవాడికే కాక చంపించినవాడికీ, చూసి మెచ్చినవాడికీ పాపంలో పాలు ఉన్నదని ధర్మశాస్త్రాలు పాపభాగాన్ని ఊరకే పంచలేదు. చేయి కనబడనంత మాత్రాన కర్త లేకుండా పోడు. చిన్న చిన్న అపరాధాలు కోట్ల సంఖ్యలో కూడి ఇంతటి తాపమైనప్పుడు, చిన్న చిన్న నిగ్రహాలు కూడి శాంతి కాలేవని అనుకోవడం న్యాయం కాదు.

అయితే అందరి కర్తవ్యమూ ఒకే కొలతలో లేదు. పొయ్యిలోకి పుల్లలు ఏరుకునే పేదరాలికీ, ఒక్కరి ప్రయాణానికి ఒక విమానాన్ని ఎగరేసే ధనవంతునికీ సమానమైన ఉపదేశం చేయడం ధర్మం అనిపించుకోదు. ఎక్కువ అనుభవించినవాడు ముందుగా తగ్గించుకోవాలి. ఎక్కువ మండించిన దేశాలు ముందుగా నిప్పు ఆర్పాలి, చీకటిలో ఉన్న ఇళ్లకు వెలుగు మార్గం చూపాలి. 2015లో పారిస్ నగరంలో లోకంలోని దేశాలు కూడి, భూతాపం పెరుగుదలను రెండు డిగ్రీలకు చాలా దిగువన నిలుపుతామని, ఒకటిన్నర డిగ్రీల వద్దనే ఆపడానికి పాటుపడతామని మాట ఇచ్చాయి. సంకల్పం చెప్పుకున్న తరువాత క్రతువు విడిచిపెట్టిన యజమానికి దోషం తప్పదంటారు. ఇచ్చిన మాట కోసం రాజ్యాన్ని, ఆలుబిడ్డలను వదులుకున్న హరిశ్చంద్రుని కథ విని కన్నీరు పెట్టే జాతికి, మాట తప్పిన పాలకులను నిలదీసి అడిగే బాధ్యత కూడా ఉంది.

ఇంటింటా చేయదగినది ఏమిటో ఎవరికీ తెలియనిది కాదు. అక్కరలేని దీపాన్ని ఆర్పడం, అన్నాన్ని పారవేయకపోవడం, కాలినడకన పోదగిన చోటికి బండి తీయకపోవడం, ఉన్న వస్తువు పనికి వచ్చినంతకాలం కొత్తది కొనకపోవడం, ఎండను గాలిని శక్తిగా మలచుకునే మార్గాలకు తావివ్వడం: ఇవన్నీ మన తాతల ఇండ్లలో పొదుపు అనే పేరుతో సగం నడిచినవే. ఊరూరా చేయదగినది కూడా ఉంది. చెరువు గట్టు చెట్టును నరకనివ్వకపోవడం, కోరింగ వంటి మడ అడవులను కాపాడడం, కొంగలు గూళ్లు కట్టే చింతలను, రావులను ఊరి ఆస్తిగా ఎంచడం, గుడ్లు పెట్టే రాత్రులలో తీరాన దీపాలు తగ్గించడం. తూర్పు తీరంలో అటవీశాఖవారు, గ్రామాల యువకులు తాబేలు గుడ్లను ఏరి, కంచెలు వేసిన హేచరీలలో ఇసుక కప్పి, పిల్లలు పైకి వచ్చిన వేళ బుట్టలతో తీసుకుపోయి అలల అంచున విడుస్తున్నారు. ఆ బుట్ట మోసిన చేతులు భూతయజ్ఞం చేసిన చేతులే. అయినా ఆ యజ్ఞం ఒక్క తీరాన చేసి, తక్కిన లోకమంతా నిప్పు రాజేస్తూ ఉంటే ఫలం దక్కదు. ఇసుకను చల్లబరచగల శక్తి కంచెకు లేదు, కొలిమిని చల్లార్చే మనిషికే ఉంది.

మానవులారా, మీకు తెలియనిది ఇక్కడ ఏదీ చెప్పబడలేదు. దయ మీకు తెలుసు, మితం మీకు తెలుసు, మాట నిలుపుకోవడం తెలుసు, రేపటివారి కోసం చెట్టు నాటడం తెలుసు. సుమారు పది లక్షల జీవజాతులు అంతరించే ముప్పులో ఉన్నాయని 2019లో వివిధ దేశాల శాస్త్రజ్ఞులు కూడి ప్రకటించారు. వాటిలో అనేకం ఇంకా సజీవంగా ఉన్నాయి. కనుక కర్తవ్యానికి ఇంకా వేళ మించలేదు. పోయినదాని కోసం శోకించడం మనిషితనం. ఉన్నదాన్ని నిలుపుకోవడం ధర్మం. సర్వప్రాణులకూ శుభం కలగాలని దినదినం ప్రార్థించే నోరు, ఆ శుభానికి అడ్డుపడే చేతిని ముందుగా నిగ్రహించాలి. తన మేర తాను ఎరిగి నిలిచిన మనిషి నీడలోనే తక్కిన జీవకోటికి నెలవు ఉంది, వేళ ఉంది. ఆ నీడను ఇవ్వడం గొప్ప త్యాగమేమీ కాదు. ఈ భూమి మీద పుట్టినందుకు తీర్చవలసిన రుణం.